సరోజినక్కయ్య దాచిన గుడ్లు

ఏంటి వినీలా, కుళాయి కింద ఏం కడుగుతున్నావు? గుడ్లా? ఆగమ్మా, ఆ మిగతావి అలా ఉంచు. లేదులే, తప్పేం కాదు, పెంట అంటుకుందని కడిగావు, ఎవరైనా అదే చేస్తారు. కడిగినవాటిని తుడిచి ఫ్రిజ్జులో పెట్టేయ్, ముందు వాటినే వండుకుందాం. మిగతావి ఇటు తే, ఆ పాత పంచె ముక్క కూడా తే. ఇదిగో, ఇలా పొడిగా, గట్టిగా రుద్దకుండా. కోడి పెట్టినప్పుడు గుడ్డు తడిగా ఉంటుంది చూశావా, ఆ తడి ఆరిపోయి పైన సన్నటి పొరలా పట్టేస్తుంది. కంటికి కనపడదు. అది ఉన్నన్నాళ్ళూ బయటి మురికి లోపలికి పోదు. నీళ్ళు పోశామా, ఆ పొర పోయినట్టే, ఇంక గుడ్డు ఎక్కువ రోజులు ఆగదు. ఆఁ, నీ ఫోన్లో కూడా అదే చెప్పారా? మంచిది. నాకు ఫోను చెప్పలేదు, మా అక్కయ్య చెప్పింది. యాభై ఏళ్ళ పైమాటే, ఇదే దొడ్లో, అదిగో ఇప్పుడు నీ స్కూటీ పెట్టుకుంటున్నావే, అక్కడ.

ఏ అక్కయ్యేంటి, మా తోడికోడలు. సరోజినీదేవి. మొన్న గృహప్రవేశానికి గీతాంజలి అత్తయ్య వచ్చింది చూడు, నీకు పచ్చ జాకెట్టు గుడ్డ పెట్టింది, వాళ్ళమ్మ. నువ్వు ఎరగవు, నీ మొగుడు విశ్వతేజ కూడా ఎరగడు, వాడు పుట్టకముందే పోయింది. మా బావగారు హనుమయ్యగారి భార్య. నేను ఈ ఇంటికి కాపురానికొచ్చేసరికి అత్తగారు లేరు, నాకు అత్తా ఆవిడే, అక్కా ఆవిడే. సన్నగా ఉండేది, పెద్దగా మాట్లాడేది కాదు. "స్వరాజ్యం, ఇలా రా" అని పిలిస్తే పక్కగదిలోకి కూడా వినపడేది కాదు, అంత నెమ్మది. పుట్టిల్లు రెడ్డిగూడెం. కాపురానికి పంపేటప్పుడు వాళ్ళమ్మ ఒక పెట్టని, ఒక పుంజుని గంపలో పెట్టి ఇచ్చిందట. ఎడ్లబండిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. తరవాత ఏడాది తిరక్కుండానే వాళ్ళమ్మ పోయింది. నగలూ చీరలూ కూడా పెట్టే ఉంటారు, కలిగినవాళ్ళే, కానీ మా అక్కయ్య "మా అమ్మ ఇచ్చింది" అని చెప్పుకున్నది మాత్రం ఆ కోళ్ళ గురించే. ముదురు గోధుమ రంగు, మెడ దగ్గర నల్లగా మెరిసేవి, కాళ్ళు పసుపు. నేనొచ్చేసరికి దొడ్డి నిండా వాటి పిల్లలూ, పిల్లల పిల్లలూ.

ఇక గుడ్ల సంగతి చెప్తాను విను. వంటింటి వెనక ఉత్తరం వైపు ఒక చిన్న గది ఉండేది, ఎండ మొహం చూడని గది. అందులో నేల మీద ఇసుక పోసి, ఆ ఇసుకని రోజూ తడుపుతూ ఉండేది. ఇసుకలో సగం దాకా పాతిన కుండ. కుండలో తవుడు. ఆ తవుట్లో గుడ్లు. ఎలా పెట్టేదనుకున్నావు, సన్న కొస కిందికి, లావు వైపు పైకి. "లావు వైపు లోపల గాలి ఉంటుంది స్వరాజ్యం, అది పైకే ఉండాలి, తలకిందులు చేస్తే తొందరగా చెడుతుంది" అనేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గూళ్ళు చూసేది. ఎండ ముదిరేదాకా గూట్లో ఉంచేది కాదు. గూట్లో ఒక్కటి మాత్రం వదిలేసేది, అన్నీ తీసేస్తే కోడి అలిగి ఎక్కడో పక్కవాళ్ళ గడ్డివాములో పెట్టుకొస్తుంది కదా. తెచ్చిన ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో చిన్న గీత. వారానికో రకం గీత, ఒక వారం నిలువు, ఒక వారం అడ్డం. ముందు పెట్టింది ముందు వంటకి పోవాలని. రెండు గుడ్లు చేతిలోకి తీసుకుని మెల్లిగా ఒకదానికొకటి తాకించి చెవి దగ్గర పెట్టుకునేది, సన్నటి చీలిక ఉన్నా శబ్దం తేడా వస్తుంది, అలాంటిది ఆ పూటే కూరలోకి. ఎవరైనా పాత గుడ్డు తెచ్చి చూడమంటే చెంబులో నీళ్ళు పోసి వేసేది. అడుగున పడుకుంటే కొత్తది, నిలబడితే పాతది, తేలితే దొడ్లో పాతిపెట్టాల్సిందే. ఇప్పుడు నువ్వూ చూడొచ్చు, తిరువూరు బజార్లో నాటుగుడ్లని చెప్పి అమ్మేవాటిని తెచ్చి వేసి చూడు, సగం నిలబడతాయి.

నాకు అవన్నీ ఎక్కడ తెలుసు. మా పుట్టింట్లో కోళ్ళే లేవు. వచ్చిన కొత్తలో తడిచేత్తో గుడ్లు తీసి బుట్టలో దబదబా పడేశాను, అడుగున ఉన్నవన్నీ చితికిపోయాయి. భయపడ్డాను. అక్కయ్య చితికినవన్నీ గిన్నెలోకి తీసి, ఉల్లిపాయలు పచ్చిమిరపకాయలు తరిగి అట్టు వేసి, మొదటి ముక్క నాకే పెట్టింది. తరవాత నా చెయ్యి పట్టుకుని అరచేతిలో ఒక గుడ్డు పెట్టి, "పట్టుకున్నట్టూ ఉండాలి, పట్టుకోనట్టూ ఉండాలి" అంది. అంతే. ఆ అట్టు రుచి, ఏం చెప్పను, ఇప్పుడు ఎన్ని ఆమ్లెట్లు వేసినా... ఎక్కడున్నాను? ఆఁ, జోజమ్మ. జోజమ్మ గురించి చెప్పాలి, లేకపోతే కథే లేదు. చర్చి వెనకాల పేటలో ఉండేది. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు, కూలిపనితో పాటు కోళ్ళే ఆధారం. ఆ కోళ్ళు కూడా మా అక్కయ్య ఇచ్చిన గుడ్లు పొదిగించుకున్నవే. వారానికోసారి వచ్చి వెనక గుమ్మం దగ్గర కూర్చునేది. ఇద్దరూ కోళ్ళ కబుర్లే. ఫలానా పెట్ట ఈకలు రాలుస్తోందని ఒకరు, మా పుంజుకి పొగరెక్కిందని ఒకరు. మా అక్కయ్య నవ్వడం నేను మొదట చూసింది జోజమ్మతో మాట్లాడుతున్నప్పుడే.

మీ మామగారు అప్పటికి ఇంకా నా కడుపున పడలేదు. ఎండలు ముదురుతున్న రోజులు, మామిడికాయ పక్వానికొస్తోంది. మా వీధిలో ఎవరో సంత నుంచి రెండు కోళ్ళు తెచ్చారు. అవి తూగుతున్నాయట, ఎండకి అనుకున్నారు. మర్నాడు చచ్చాయి. ఇంకో రెండు రోజులకి వీధంతా పాకింది. కొక్కెర తెగులు. నువ్వు చూసి ఉండవు, ఇప్పుడు మందు చుక్కలు వేస్తున్నారు కాబట్టి. కోడి మెడ మెలితిరిగిపోయి ఆకాశంలోకి చూస్తూ గిరగిరా తిరుగుతుంది తల్లీ, ఆకుపచ్చగా విరేచనం, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంది. చూడలేం. చచ్చిన కోళ్ళని కొందరు వాగులో పడేశారు, కొందరు చావకముందే కోసి వండేసుకున్నారు. మా అక్కయ్య మాత్రం దొడ్డి చివర గొయ్యి తవ్వించి, సున్నం చల్లి, ఒక్కొక్కటీ అందులో పెట్టింది. విసిరెయ్యలేదు, పెట్టింది. కడపటిది ముసలి పెట్ట, వాళ్ళమ్మ ఇచ్చిన పెట్టకి పిల్ల. అది కూడా పోయాక గొయ్యి పూడ్చి, అక్కడే మట్టిలో చతికిలబడింది. ఏడవలేదు. నేను లేపడానికి వెళ్తే, "మా అమ్మ మళ్ళీ పోయినట్టుంది స్వరాజ్యం" అంది. మర్నాడు తెల్లవారుజామున ఒక్క పుంజు కూత లేదు. వీధి మొత్తంలో లేదు. ఎప్పుడు తెల్లారిందో తెలియకుండా తెల్లారింది.

ఆ పొద్దునే పశువుల డాక్టరుగారు వచ్చారు, మా గేదె ఈనడానికి ఉందని బావగారు కబురు పెడితే. మంచివాడు, కుర్రవాడే, ఎవరేం అడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు. అక్కయ్య ఎప్పుడూ పరాయి మగవాళ్ళతో మాట్లాడేది కాదు, ఆ రోజు తలుపు చాటునుంచి అడిగింది. "అయ్యా, జబ్బు రాకముందు పెట్టిన గుడ్లు నా దగ్గర ఉన్నాయి. లోపలి గదిలో, తవుట్లో. వాటికీ అంటుతుందా?" "జబ్బు రాకముందు తీసి విడిగా పెట్టినవైతే బాగుండొచ్చమ్మా, ఖాయంగా చెప్పలేను. జబ్బు మొదలయ్యాక పెట్టినవి మాత్రం వద్దు, పాతిపెట్టెయ్యండి. ఇంకో సంగతి, ఈ దొడ్లో పొదిగిస్తే పిల్లలు బతకవు. ఇది నేలలో ఉంటుంది, కాళ్ళకి, బట్టలకి అంటుకుని పోతుంది. జబ్బు లేని ఊళ్ళో, జబ్బు లేని కోడి కింద పెట్టాలి. అదీ తొందరగా. పది రోజులు దాటిన గుడ్డు పొదగడం తగ్గిపోతుంది." అంతే ఆయన చెప్పింది. అక్కయ్య స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. బొగ్గు గీతలు ఉన్నాయిగా. జబ్బు వచ్చిన వారం గుడ్లకి అడ్డగీత, అంతకుముందు వారానివి నిలువుగీత. అడ్డగీతవి అన్నీ గోతిలోకి పోయాయి. నిలువుగీత వాటిలో మరీ పెద్దవి, మరీ చిన్నవి, వంకరవి పక్కన పెట్టింది. తలుపు సందులోంచి ఎండ గీతలా పడుతుంటే ఒక్కొక్క గుడ్డునీ అక్కడ పట్టుకుని, పెంకు మీద చీలిక ఉందేమో చూసింది. కడకి ఒక బుట్టెడు మిగిలాయి. వాటిని కొత్త కుండలో, కొత్త తవుట్లో పెట్టింది. రోజూ పొద్దున ఒక్కొక్కదాన్ని కొద్దిగా ఇటు, కొద్దిగా అటు వాల్చేది, లోపల ఒకవైపు అంటుకుపోకుండా. ఇక పొదిగే కోడి ఎక్కడ? వీధిలో కోడి అన్నదే లేదు.

అదిగో, సరిగ్గా అప్పుడే గంపలగూడెం నుంచి బావగారి స్నేహితులు నలుగురొచ్చారు, మామిడి తోట కౌలు మాట్లాడటానికి. మా బావగారి సంగతి నీకు తెలియదు. ఎత్తుగా, తెల్లటి మనిషి, గొంతు ఖంగుమనేది. ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టడంలో ఆయన తరవాతే ఎవరైనా. "హనుమయ్యగారింటికి వెళ్తే కోడికూర లేకుండా పంపరు" అని పేరు. ఆ రోజు లోపలికొచ్చి, "కోళ్ళు లేవు, సరే. గుడ్లున్నాయిగా, వేపుడూ పులుసూ చెయ్యండి" అన్నారు. నేను గిన్నె తీసుకుని గది వైపు వెళ్ళబోయాను. అక్కయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆయనతో, "లేవండి" అంది. ఆయనకి అర్థం కాలేదు. "కుండలో ఉన్నాయిగా, నిన్న చూశాను." "అవి వండేవి కావండి. పొదిగించడానికి ఉంచాను." ఆ ఇంట్లో ఆయన మాట కాదన్న మనిషిని నేను అంతవరకు చూడలేదు. "ఏ కోడి కింద పొదిగిస్తావు? ఊళ్ళో కోడి ఉందా? నాలుగు రోజులు పోతే మురిగిపోతాయి. బయట మనుషులున్నారు, నా పరువు తియ్యకు" అన్నారు. గొంతు పెద్దగా చెయ్యలేదు, అది ఇంకా భయం. అక్కయ్య కదల్లేదు. ఆ గది గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఇవాళ వండితే ఈ పూటతో సరి. అవి మా అమ్మ ఇచ్చిన కోళ్ళు. ఇంకేం మిగల్లేదు నాకు" అంది. ఆయన బయటికి వెళ్ళిపోయారు.

మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, వడియాలు, గడ్డపెరుగు, అన్నీ చేసిందనుకో. వచ్చినవాళ్ళు సుబ్బరంగా తిన్నారు. బావగారు మాత్రం అన్నం కెలికి లేచిపోయారు. ఆ రోజు నుంచి అక్కయ్యతో మాటల్లేవు. ఏం కావాలన్నా నాతో చెప్పించేవారు. "స్వరాజ్యం, మంచినీళ్ళు తెమ్మను." ఆవిడ పక్కనే ఉండేది. నేను వంటింట్లో అడిగాను, "అక్కయ్యా, ఒకవేళ ఒక్కటి కూడా పొదక్కపోతే?" అని. ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తిపీట మీద చెయ్యి ఆపి, "అదే నాకూ భయంగా ఉంది. ఆయన ముందు తలెత్తుకోలేను" అంది. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది జోజమ్మ. దొడ్లోకి రాలేదు, వీధిలోనే నిలబడి పిలిచింది, డాక్టరుగారు అందరికీ చెప్పాడుగా కాళ్ళకంటుకుని పోతుందని. దానివీ అన్నీ పోయాయి పాపం. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "సరోజినమ్మగారూ, విస్సన్నపేటలో మా చెల్లెలు హన్నా ఉందిగా, వాళ్ళ పేటలో జబ్బు లేదంట. దాని పెట్ట ఒకటి పొదుగుకొచ్చి ఉత్త గూట్లో కూర్చుంటోందంట, గుడ్లు పెట్టలేదింకా దాని కింద. నా దగ్గర గుడ్లేం లేవు. మీ దగ్గరేమన్నా..." మాట పూర్తి కానివ్వలేదు అక్కయ్య. "రేపు పొద్దున బస్సుకి వెళ్దాం" అంది. వెళ్దాం అంది, చూశావా. బావగారిని అడగలేదు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు బస్సెక్కి పక్క ఊరు వెళ్ళాలంటే మగవాళ్ళు తోడుండాలి, అదీ ఏ పెళ్ళికో పేరంటానికో. జోజమ్మతో కలిసి, వాళ్ళ చెల్లెలి ఇంటికి. అయినా నేనూ వస్తానన్నాను. మీ తాతయ్య ఆ రాత్రి బావగారికి మెల్లిగా చెప్పారట, "రేపు వదినా వాళ్ళు విస్సన్నపేట వెళ్తున్నారన్నయ్యా" అని. బావగారు, "వెళ్ళనీ" అన్నారట. అంతే.

పొద్దున ముగ్గురం తలస్నానాలు చేశాం. దండెం మీద ఆరిన చీరలే కట్టుకున్నాం. చెప్పులు కూడా నీళ్ళతో కడిగి సున్నం రాసింది అక్కయ్య, దొడ్లో తిరిగిన చెప్పులని. కొత్త వెదురుబుట్ట, అడుగున ఎండుగడ్డి, దాని మీద తవుడు, ఒక వరస గుడ్లు, మళ్ళీ తవుడు, మళ్ళీ ఒక వరస, పైన తడిపి పిండిన గుడ్డ. బస్సెక్కగానే కండక్టరు, "బుట్ట టాప్ మీద వెయ్యండమ్మా" అన్నాడు. "గుడ్లు బాబూ" అంది. "అయితే కాళ్ళ దగ్గర పెట్టండి." అక్కయ్య వినలేదు. కాళ్ళ దగ్గరైతే బస్సు కుదుపంతా గుడ్లకి తగులుతుంది. ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో బుట్ట అడుగు పట్టుకుని కూర్చుంది. ఆ రోడ్డు ఇప్పటిలా కాదు తల్లీ, గోతుల్లో రోడ్డుండేది. గొయ్యి వస్తుందనగానే బుట్టని ఒళ్ళోంచి కొంచెం పైకెత్తి గాల్లో పట్టుకునేది, కుదుపంతా తన మోచేతులు తీసుకోవాలని. జోజమ్మ ఒకవైపు, నేనొకవైపు, జనం మీద పడకుండా అడ్డం. దిగేసరికి ఆవిడ చేతులు రెండూ కర్రల్లా బిగుసుకుపోయాయి, వేళ్ళు విప్పడానికి జోజమ్మ పట్టుకుని లాగాల్సొచ్చింది.

హన్నా మా కోసం ఎదురుచూస్తోంది. "లోపలికి రండమ్మా" అంది. అక్కయ్య రోడ్డు మీదే ఆగిపోయింది. "వద్దమ్మా, జబ్బు ఊరు నుంచి వచ్చాం. ఎంత కడుక్కున్నా ఏమో. నీ కోళ్ళకి అంటితే నిన్ను ఏ మొహంతో చూడను. బుట్ట నువ్వే తీసుకెళ్ళు" అంది. తన కన్నతల్లి ఇచ్చిన కోళ్ళు, అంత దూరం చేతుల్లో మోసుకొచ్చి, గుమ్మం దాటలేదు. హన్నాకి అన్నీ చెప్పింది. కుదుపులకి గుడ్లు లోపల కదిలి ఉంటాయి, సాయంత్రం దాకా కదపకుండా చల్లటి చోట ఉంచు. పొద్దు వాలాక, కోడి నెమ్మదించాక, ఒక్కొక్కటే కింద పెట్టు. ఒక కోడికి ఎక్కువైతే పొరుగింట్లో ఇంకో పొదుగుకోడి ఉందేమో అడుగు. హన్నా, "ఉందమ్మా, అడిగాను" అంది. మేం రోడ్డు అవతల బడి అరుగు మీద కూర్చున్నాం. హన్నా మాకు అన్నం, చేపల పులుసు పంపించింది. నేను అక్కయ్య మొహం చూశాను, తింటుందా అని. ఆ రోజుల్లో సంగతి వేరు. ఆవిడ పళ్ళెం తీసుకుని జోజమ్మ పక్కన కూర్చుని తింది. రెండోసారి పులుసు అడిగి వేయించుకుంది కూడా. పొద్దు వాలుతుంటే హన్నా గూటి దగ్గర నుంచి కేకేసింది. "అమ్మా, పెట్టానమ్మా. మొదట పొడిచింది. ఇప్పుడు రెక్క విప్పింది. ముక్కుతో లోపలికి జరుపుకుంటోంది. అన్నీ కప్పేసిందమ్మా." అక్కయ్య కళ్ళు మూసుకుని వింటోంది. వెళ్దాం పదండి, బస్సొస్తుంది, అంటే లేచింది.

ఇక మూడు వారాలు. ఊరికే కూర్చోలేదు. దొడ్డంతా పైమట్టి చెక్కించి పారబోయించింది, గూళ్ళు తగలబెట్టించింది, గోడలకి సున్నం కొట్టించింది. వీధిలో అందరిళ్ళకీ వెళ్ళి, "మీరూ చెయ్యండి, నా దగ్గర పిల్లలొస్తే మీకిస్తాను" అని చెప్పింది. కొంతమంది వెనక నవ్వారు. బావగారు ఇంకా మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం, నాకు బాగా గుర్తు, బస్సు వీధి చివర ఆగింది. అదే కండక్టరు, దిగి మా గుమ్మం దగ్గరికొచ్చాడు. "అమ్మా, విస్సన్నపేటలో హన్నా అన్నావిడ మీకు చెప్పమంది. గుడ్లు పగిలాయంట." అక్కయ్య ద్వారబంధం పట్టుకుంది. బావగారు అరుగు మీద పేపరు చదువుతున్నారు, ఆయన కూడా పేపరు దించారు. కండక్టరు వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "తెగ కీచుకీచుమంటున్నాయంట, చెవులు పడిపోతున్నాయంది" అన్నాడు. ఆ పగలడం అది. అక్కయ్య అలాగే గుమ్మంలో కూర్చుండిపోయింది, నవ్వుతోందో ఏడుస్తోందో. నేను ఆ కండక్టర్ని తిట్టానో, మజ్జిగిచ్చానో గుర్తులేదు. రెండూ చేసుంటాను.

అన్నీ పొదగలేదులే. కొన్ని మురిగాయి, కొన్నిట్లో పిల్ల పెంకులోనే పోయింది. కానీ సగం పైన పిల్లలయ్యాయి. వానలు పడి, దొడ్డి కడిగినట్టయ్యాకే తెచ్చింది, అప్పటిదాకా ఎంత ఆశగా ఉన్నా తేలేదు. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళి మందు చుక్కలు వేయించింది. హన్నాకి కావలసినన్ని ఉంచుకోమంది. జోజమ్మకి ముందు ఇచ్చింది, తరవాత తను తీసుకుంది. ఆ తరవాత పెట్టిన గుడ్లు వీధిలో ఒక్కొక్క ఇంటికీ. నవ్వినవాళ్ళకి కూడా. ఏడాది తిరిగేసరికి తెల్లవారుజామున మళ్ళీ పుంజుల కూతలతో నిద్రపట్టేది కాదు. ఇప్పుడు గంపలగూడెం వైపు వెళ్ళు, విస్సన్నపేట వెళ్ళు, మెడ దగ్గర నల్లగా మెరిసి, పసుపు కాళ్ళతో గోధుమరంగు పెట్ట కనపడితే, నాకు తెలుసు అది ఎక్కడిదో. వాళ్ళకి తెలియదు. నీ దొడ్లో ఆ మూల గీకుతోంది చూడు, అది కూడా.

బావగారు మాట్లాడారా అంటావా. పిల్లలొచ్చాక మెల్లిగా మాట్లాడారు, గుడ్ల సంగతి మాత్రం ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు. ఒక రోజు, రెండేళ్ళ తరవాతేమో, విస్సన్నపేట అవతల నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, పొదుగుకి గుడ్లు కావాలని. అరుగు మీద బావగారితో పాటు ఇంకో ముగ్గురు నలుగురున్నారు. ఆ వచ్చినాయన, "హనుమయ్యగారూ, మీ కోళ్ళ గుడ్లు దొరుకుతాయన్నారు" అన్నాడు. అప్పట్లో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచేవాడు కాదమ్మా, నలుగురిలో అసలే కాదు. మా బావగారు "ఇదిగో" అనేవారు, లేకపోతే "గీత వాళ్ళమ్మ" అనేవారు. అలాంటిది, ఆ ఖంగుమనే గొంతుతో, వీధంతా వినపడేలా, "నావి కాదండీ. అవి మా సరోజిని కోళ్ళు. ఆవిడ ఇస్తానంటేనే" అన్నారు. లోపల గదిలో నేనూ అక్కయ్యా ఉన్నాం. తవుట్లో పెట్టిన చెయ్యి తవుట్లోనే ఉండిపోయింది ఆవిడది. నాకేసి చూడలేదు. కాసేపయ్యాక ఒక్కొక్క గుడ్డే తీసి బుట్టలో సర్దింది, ఎప్పుడూ సర్దినట్టే. పైట సరిచేసుకుంది. బుట్ట నా చేతికి ఇస్తుందనుకున్నాను, ఎప్పుడూ నేనే బయటికి అందించేదాన్ని. ఇవ్వలేదు. తనే తీసుకుని అరుగు మీదికి వెళ్ళింది, అంతమంది మగవాళ్ళ మధ్యకి. "కుదుపు తగలకుండా తీసుకెళ్ళండి, రేపటిదాకా కోడి కింద పెట్టకండి" అని ఆయనకి చెప్తుంటే, మా బావగారు లేచి, ఆవిడ కోసం కుర్చీ పక్కకి జరిపి, నిలబడ్డారు...

...

ఏంటి, ఆగిపోయానా? ఏం లేదులే. దోమలొస్తున్నాయి, ఆ వెనక తలుపు వేసెయ్యమ్మా.